నడుస్తోంది

రాత్రి పదకొండు.
జూన్ కదా, సూర్యుడు కొండ భుజమ్మీదే కూర్చున్నాడు,
దిగే ఉద్దేశం లేదు.
టవరు గదిలో హీటరు పక్కన
నల్లటి తెర మీద ఒక మాట కొడతాను:
స్టేటస్.
అటునుంచి పచ్చటి ముక్కొకటి:
నడుస్తోంది.

బొమ్మల్లేవు, నొక్కడానికి బొత్తాల్లేవు.
నాదొక పొడి మాట, దానిదొక పొడి మాట.
కున్నుక్‌తో నా కాపురమూ ఇంతే,
పదిహేనేళ్ళుగా తెగలేదు.

ఈ గ్రీన్‌లాండ్ ఒడ్డున మా ఊరికి ఉన్నది ఒకటే సన్న గొట్టం,
నూట నలభై ఇళ్ళూ అందులోంచే పీల్చుకోవాలి.
ఎవరెంత పీల్చారో ఇది రాసుకుంటుంది.
కవరు మీది చిరునామా చూస్తుంది, ఉత్తరం విప్పదు.
అయినా కొన్ని తెలిసిపోతాయి:
బడి టీచరు పిపాలుక్‌కి నిద్ర రాదని,
మూడింటిదాకా చదరంగం సైటులోనే ఉంటుందని.
చేపల ఫ్యాక్టరీ ఫ్రీజర్లు
పది నిమిషాలకోసారి ఎవరికో కబురు పెడతాయని.
పాస్టరు గారి సంగతి
నేను చెప్పను.

పదకొండుంబావుకి గీత కుప్పకూలింది.

స్టేటస్. నడుస్తోంది.
అబద్ధం, అన్నాను పైకే.
స్టాప్. స్టార్ట్.
లాగులు తిరగేశాను, కేబుళ్ళు తడిమాను,
మళ్ళీ స్టార్ట్, మళ్ళీ అదే పచ్చ ముక్క.
చీమ చిటుక్కుమన్నా పట్టేస్తుందన్నారు కొన్నప్పుడు.
చీమలే లేని దేశం మాది, ఇప్పుడు మనుషులూ లేరు.
ఫ్రీజర్ల చుక్క మాత్రం
వేళ తప్పకుండా మెరిసి ఆరింది.
మరి గొట్టం తెగలేదే?

నూక్ ఆఫీసుకి ఫోన్ చేద్దామని లేచి
సిగ్నల్ కోసం తలుపు తీశాను.

ముందు వాసన తగిలింది,
పచ్చి దోసకాయ కోసినట్టు.
అమ్మస్సాట్!
కింద ఒడ్డంతా వెండి.
ప్రతి అలా చేపల్ని ఒంపేసి
ఖాళీ చేతులతో వెనక్కి పోతోంది.
బకెట్లు, చంటిపిల్లల బండ్లు, ఎవరిదో కిటికీ కర్టెను.
పిపాలుక్ మోకాళ్ళలోతు నీళ్ళలో అరుస్తోంది.
పాస్టరు గారు రెయిన్‌కోటు విప్పి పరిచారు.
కున్నుక్ చేతిలో రెండు బకెట్లు.
ఏమీ అనలేదు,
ఒకటి చాచాడు.

మూడింటికి తిరిగొచ్చి
చేతులు కడగకుండానే కొట్టాను. స్టేటస్.
నడుస్తోంది.
క్షమించు, అనాలనిపించింది,
దానికి ఆ కమాండు లేదు.

ఆ నాలుగు గంటల గుంటకి
కారణం రాసి పంపమంది నూక్.
సర్వీసులో లోపం లేదు, అని రాశాను.

ఎస్ మీట కింద పొలుసొకటి ఇరుక్కుంది.
స్టేటస్ కొట్టినప్పుడల్లా
మూడుసార్లు కిర్రుమంటుంది.