కిటికీ లేని గది

జులై. గడ్డి మీద మంచు గట్టిపడే నెల, ఇక్కడ ఉరుగ్వేలో.
పాల సహకార సంఘం వెనక, జున్ను గిడ్డంగికి ఆనుకుని
మా గది. బయట ఊరికే దొరికే చలి,
లోపల డబ్బు పోసి కొన్న చలి.

నాలుగు ఇనుప పెట్టెలు. అంతే ఆస్తి.
వాటిలో నూట పన్నెండు కాపురాలు:
జీతాల లెక్కకో యంత్రం, వెన్న శాతానికొకటి,
ట్యాంకర్ల దారులకొకటి, పశువైద్యుడి మందులకొకటి.
ప్రతిదీ ఇల్లంతా తనదేననుకుంటుంది.
పక్క వాటాలో దగ్గు దానికి వినపడదు.
గోడలకు చెవులుంటాయంటారు.
ఇక్కడ గోడలే లేవు,
గోడ ఉందన్న మాట ఉంది.
ఆ మాటని కాపలా కాయడమే నా ఉద్యోగం.

ఈ వారం ఆ మాట బీట వారింది.
ఏ వాటాలో ఉన్నవాడైనా నేల తవ్వి
ఇంటి ఓనరు గదిలో తేలవచ్చట,
అక్కణ్ణించి అందరి తాళాలూ వాడివేనట.
మాసిక మంగళవారం చేతికొచ్చింది.
వేయాల్సింది రాత్రి,
పాలు పితకడం మొదలవకముందు.

యమండూ మాతే కలిపి తెచ్చాడు.
వెండి గొట్టం నా వైపు తిప్పి, "బ్యాకప్?" అన్నాడు.
"తీశాను."
"తీయడం ఎవడైనా తీస్తాడు. తిరిగి లేపి చూశావా?"
ఒకదాన్ని లేపాం. కళ్ళు నులుముకుని
మొన్నటి ఆదివారం తేదీ చెప్పింది.
అప్పుడు తాగాడు తన వంతు.

మాసిక వేయాలంటే పెట్టె ఖాళీ కావాలి.
కాపురాన్ని నిద్ర చెడకుండా,
పొయ్యి మీది పాలు పొంగకుండా
పక్క పెట్టెలోకి మోస్తాం.
ఇక్కడ మొదలైన కూడిక
అక్కడ పూర్తవుతుంది, దారి తెలియకుండానే.

మూడో పెట్టెలో ఒకటి కదల్లేదు.
పేరు తోర్దో. పరాయి గూట్లో గుడ్డు పెట్టే నల్లపిట్ట.
పదకొండేళ్ళ వయసు. ఏ రిజిస్టర్లోనూ లేదు.
దాని తీగ ఒకటి పెట్టె వెనక, దుమ్ములో,
ఒక పాత మోడెంకి కట్టేసి ఉంది.
ఒళ్ళంతా చిల్లులు; కుట్టే దర్జీలు ఎప్పుడో మానేశారు.
"ఆపేస్తున్నా," అన్నాను.
యమండూ గోడ వైపు చూశాడు.
"ఆపు. చెరపకు."

మూడూ యాభైకి ఆపాను.
నాలుగూ ఇరవైకి ఫోను మోగింది.
ఎవులోహియా బెంతాంకోర్, వాగు అవతల, పందొమ్మిది ఆవులు.
"కొట్టంలో పచ్చ బల్బు ఆరిపోయింది.
పదకొండేళ్ళలో ఇదే మొదలు.
నేను పోయానా, మీరు పోయారా?"

ఆమె పాల ట్యాంకు పాతది. మాట్లాడటం రాదు,
పావుగంటకో అంకె గొణుగుతుంది: మూడు పాయింట్ ఎనిమిది.
ఆ అంకె వినేది తోర్దో ఒక్కటే.
విన్నానని బల్బు వెలిగిస్తుంది,
లారీవాడికి ఆమె పేరు అందిస్తుంది.
లేకపోతే లారీ వంతెన దగ్గరే వెనక్కి తిరుగుతుంది.

"నేనే పెట్టాను," అన్నాడు యమండూ, కప్పు అడుగు చూస్తూ.
"కొత్త ట్యాంకు కొనలేనంది. కమిటీ ఒప్పుకోదు.
ఎవర్నీ అడగలేదు."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
మాకు ఒక బల్బు చాలింది.

కోప్పడ్డాను. నిజంగానే.
ఆ చిల్లుల్లోంచి ఎవడైనా దూరి ఉంటే
ఎనిమిది వందల ఇళ్ళ పాలు కాలవ పాలు.
అతను తల ఊపాడు, కాదనలేదు.

తర్వాత మూలనున్న చిన్న పెట్టె తుడిచి
తోర్దోకి వేరే గది కట్టాం. కిటికీ లేదు,
పొరుగు లేదు, బయటి లోకానికి దారి లేదు.
ఒకే ఒక్క సందు:
అందులోంచి ఒక అంకె లోపలికి రావచ్చు,
ఒక "సరే", ఒక పేరు బయటికి పోవచ్చు.
ఇంకేం ఒదిగినా గంట మోగుతుంది.

ఐదూ పదికి మూడు పాయింట్ తొమ్మిది.
ఫోన్లో ఎవులోహియా ఏమీ అనలేదు,
ఆవుని అదిలించడం మాత్రం వినిపించింది.

రిజిస్టర్ తెరిచాను. యజమాని అన్న గడిలో
యమండూ తన పేరు రాశాడు. మార్చిలో రిటైరవుతాడు.
దాని కింద, పెన్సిల్‌తో, నాది.

నాలుగో పెట్టె అలాగే మిగిలిపోయింది.
లారీలు బయల్దేరాయి, ఇక ముట్టుకోకూడదు.
ఈ పగలంతా ఆ బీటతోనే.
కుర్చీ దాని ముందుకి లాక్కున్నాను.