అయిదు రూపాయల మందం

యారాడ కొండ మూడో మలుపు దగ్గర
బండి అరిచింది, కదల్లేదు.
యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ గొంతు పెరుగుతోంది,
ఆ మాట చక్రానికి చేరడం లేదు.
వెనక డబ్బాలో నలభై ఇడ్లీపిండి పొట్లాలు
ఎండకి పులుస్తూ, ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ.
మాడు వాసన. పిండిది కాదు.

తప్పు నాదే.
రాత్రి స్పానరు పట్టుకుని కూర్చున్నది నేనే.
క్లచ్ లివరు వదులుగా ఊగుతుంటే చూడలేక,
జడ వదులైతే మొట్టికాయ, మూట వదులైతే తిట్టు
తింటూ పెరిగిన చేతులు కదా,
తిప్పాను, తిప్పాను,
కేబులు మీటితే మోగేదాకా తిప్పాను.
పడుకోబోయే ముందు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఇంజను ఆపి, న్యూట్రల్లో వేసి
దిగుడంతా దొర్లించుకుంటూ వచ్చాను సింధియా దాకా.
చెట్ల సందుల్లోంచి ఓడలు కనిపిస్తున్నాయి,
లంగరేసుకుని, ఏ తొందరా లేకుండా.

గౌర్నాయుడు మేస్త్రీ షెడ్డంటే
నాలుగు రేకులు, ఒక మొద్దు, ఒక రేడియో.
పాతికేళ్ళు షిప్‌యార్డులో రిగ్గరు,
ఇనప తాళ్ళతో కాపురం చేసిన మనిషి.
కుడిచేతి చూపుడువేలు సగమే మిగిలింది.
ఆ సగంతోనే లివరు నొక్కాడు, వదిలాడు,
డాక్టరు పొట్ట నొక్కి చూసినట్టు.
"ఊపిరాడకండా కట్టీసినావేటమ్మా?"
బిగుతుగా ఉంటే మంచిదనుకున్నాను.
"అందరూ అదే అనుకుంతారు."

రబ్బరు తొడుగు వెనక్కి లాగాడు.
లాక్ నట్టు వదిలాడు.
అడ్జస్టరు లోపలికి అర చుట్టు, ఇంకో అర.
కొస ఊడదీస్తే ఉప్పు.
ఈ ఊళ్ళో సముద్రం గొళ్ళేల్ని తింటుంది, కిటికీ చువ్వల్ని తింటుంది,
అవి కనిపిస్తాయి.
కేబులు లోపలి పోగుల్ని ఎప్పుడు తింటుందో ఎవరికి తెలుసు?
పాల కవరు ముక్కని గరాటులా చుట్టి పై కొసకి కట్టి
నూనె పోశాడు.
కింది కొసన చుక్క కనబడేదాకా
ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.
రేడియోలో ఎవరో వాయుగుండం సంగతి చెబుతున్నారు.

మళ్ళీ తగిలించాక, చొక్కా జేబులోంచి
పాత అయిదు రూపాయల బిళ్ళ తీశాడు.
ఆ లావుపాటిది, ఇప్పుడు రానిది,
అంచులు గ్రీజుకి నల్లబడింది.
లివరు మొదట్లో సందు చూసి పెట్టాడు.
"ఇది దూరాల. జారి పడిపోకూడదు. అంతే పిలే."
హేండిల్ ఎడమకి మొత్తం తిప్పి చూశాడు, కుడికి తిప్పి చూశాడు.
"మలుపులో బిగిసిందంటే లెక్క తప్పినట్టే."

మరీ వదిలేస్తే ఏమవుతుంది?
"గేరు పళ్ళు నూరతాది. నువ్వు లివరు పట్టీసినా
ముందుకే పాకుతాది, నడకొచ్చిన పిల్లోడిలాగ."
మరీ బిగువూ కాదు, మరీ వదులూ కాదు, ఎంత మరి?
"సెప్పేను కదేటి. అయిదు రూపాయలు."

ప్లేట్లు కొంచెం కాలాయట,
వానల దాకా లాగుతాయట.
నలభై తీసుకున్నాడు.
ఆ బిళ్ళ నాకిమ్మని బేరం పెడితే
సగం వేలు అడ్డంగా ఊపాడు.
"వందిచ్చినా ఇవ్వను. నీది నువ్వెతుక్కో."

మళ్ళీ కొండ. మళ్ళీ మూడో మలుపు.
ఈసారి చక్రం విన్నది.
యారాడ చేరేసరికి పొట్లాలు పొంగి
మేనమామ బొజ్జల్లా ఉన్నాయి.
దోసెలకి దివ్యంగా ఉంటుందని అబద్ధమో నిజమో చెప్పి
అయిదు తగ్గించి అమ్మాను.

చివరింటి ముసలామె కొంగుముడి విప్పింది.
రెండు పదులు, ఒక లావుపాటి బిళ్ళ,
ఒంటి వేడి ఇంకా దాని మీదే ఉంది.
"ఇది సెల్లుతాదేటే?"
జవాబు చెప్పకుండా బండి దగ్గరికి నడిచి
లివరు సందులో దూర్చాను.
నిలబడింది.
"సెల్లుతాదత్తా."

ఆమె బండిని చూసింది, నన్ను చూసింది,
పొట్లం మూతి దగ్గర ముక్కు పెట్టి
గట్టిగా వాసన చూసి
లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.