కొంచెం ఆలస్యంగా పడే దెబ్బ

ఉక్కు మిల్లు మూసేసిన మూడో వారం
ఆటర్‌క్లిఫ్‌లో తాకట్టు కొట్టువాడికి
ముప్ఫై పౌన్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చి
నాన్న ఒక బూడిదరంగు పెట్టెను
మేకపిల్లలా చంకన పెట్టుకుని తెచ్చాడు.

"రేడియోనా?" అంది అమ్మ.
"డప్పులు. లోపలున్నాయట."
అమ్మ చేతులకంటిన పిండి దులుపుకుని
పెట్టెను తిరగేసి చూసి
"ఎక్కడ?" అంది.

కూడా ఇచ్చిన పుస్తకంలో మొదటి నాలుగు పేజీలు లేవు.
ఎలా మొదలుపెట్టాలో చెప్పే పేజీలే అవి.
ఐదో పేజీ నుంచి నేను చదివాను.
నాకప్పుడు పదకొండేళ్ళు.
నాన్నకి వచ్చిన ఇంగ్లీషు: షిఫ్టు, ఓవర్‌టైం, సారీ.
యెమెన్ కొండల నుంచి షెఫీల్డ్ పొగలోకి
ఆ మూడు మాటలతోనే ఇరవై రెండేళ్ళు నెట్టుకొచ్చాడు.

పదహారు బటన్లు, ఒకటే వరస.
ఒక్కోదాని నెత్తిన ఆవగింజంత ఎర్ర దీపం.
నొక్కినచోట వెలుగుతుంది, వెలిగినచోట మోగుతుంది.
వెలగనిచోట కూడా కాలం నడుస్తుంది,
ఊరికే, చేతులు ఊపుకుంటూ.

ఒకటి, ఐదు, తొమ్మిది, పదమూడు.
బొమ్మలో ఉన్నట్టే నొక్కాను.
ధం. ధం. ధం. ధం.
టీ గ్లాసులు బల్లమీద జరిగాయి.
పైన చిక్కు చిక్కుమని సన్న తాళాలు కూడా వేశాను.
"వేశావా?" అన్నాడు.
"వేశాను."
"దీపమైతే వెలుగుతోంది," అని ఒప్పుకున్నాడు.

ఆవిరి సమ్మెట పక్కన నిలబడీ నిలబడీ
పిట్టలు పోయాయి, ఫోను గంట పోయింది,
నా గొంతులో పై సగం పోయింది ఆయనకి.
చెవిటివాడి ముందు శంఖం ఊదకూడదంటారు.
బల్లకి ఆనించి ఊదితే?
నాన్న అరచెయ్యి బల్లమీద పరిచి
కళ్ళు మూసుకున్నాడు.

చాలాసేపటికి, "తప్పు," అన్నాడు.
"నాలుగూ ఒకేలా పడవు.
మూడు సరిగ్గా పడతాయి.
నాలుగోదానికి ముందు వాల్టర్
పట్టకారుతో ఇనుప దిమ్మెను తిప్పాలి కదా!"

పదమూడు ఆర్పి పద్నాలుగు వెలిగించాను.
"ఇనుము చల్లారిపోతుంది."
మళ్ళీ పదమూడు.
"వాల్టర్ చెయ్యి పోతుంది."
పదమూడుకీ పద్నాలుగుకీ మధ్య
ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు.
ఆ ప్లాస్టిక్ మీదే వేలు పెట్టి
"ఇక్కడ," అన్నాడు నాన్న.
"ఇక్కడ బటన్ లేదు నాన్నా."
"వాల్టర్ ఉన్నాడు."

పంతొమ్మిదో పేజీ రాత్రి పదింటికి దొరికింది.
వేగం రెట్టింపు చేశాం, గళ్ళు సన్నబడ్డాయి.
రెండు వరసలు ముడేశాం.
మొదటిదాంట్లో ఒకటి, తొమ్మిది.
రెండోదాంట్లో ఒకటి... పది.

ధం. ధం. ధం.
ఊపిరి పట్టేంత ఖాళీ.
ధం.

నాన్న కుర్చీలోనే ఎడమ భుజం పక్కకి జరిపాడు,
వెనక నుంచి ఎవరో పొడుగాటి పట్టకారు చాపితే
దారి ఇచ్చినట్టు.
మళ్ళీ జరిపాడు. మళ్ళీ.
పక్కింటి మిసెస్ ఆక్స్‌లీ గోడమీద చీపురుతో కొట్టింది.
ఆవిడ దెబ్బలు మాత్రం ఏ గడిలోనూ పడలేదు.

తెల్లారి అమ్మ ఇస్త్రీపెట్టె కోసం ప్లగ్గు పీకింది.
ముప్ఫై ఆరో పేజీలో ఉంది:
బ్యాటరీలు లేకపోతే జ్ఞాపకం నిలవదు.
వెనక మూత తీస్తే తెల్లటి తుప్పు.
పదహారు దీపాలూ చీకటి.
నేను ఏడ్చాను, బహుశా పై సగం గొంతుతో;
నాన్నకి వినిపించలేదు.

ఆరయింది. పాత షిఫ్టు వేళ.
కిటికీ అద్దం మీద మంచు గడ్డకట్టి ఉంది.
చేతులు మడుచుకుని వచ్చి కూర్చున్నాడు.
ఒకటి నొక్కాడు. తొమ్మిది. ఒకటి.
నేను పది మీద వేలు పెట్టబోతే
నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పదకొండు పెట్టు, నజాత్.
చలికి వాల్టర్ భుజం పట్టేస్తుంది."