ముల్లు

గుణుపురంలో మా గుడికి ఆదివారం రెండు ఆరాధనలు.
ఏడున్నరకి తెలుగు, పదింటికి ఒడియా.
మధ్యలో దొరికే కాసేపు నాది.
చందా సంచులు బల్లమీద బోర్లించి
చిల్లర చిల్లరగా, నోట్లు నోట్లుగా పేర్చుతాను.
ఇరవై రెండేళ్ళుగా నేనే కోశాధికారిని.
వారమంతా చింతపండు తూచిన వేళ్ళు
ఆ ఒక్కపూట కడుక్కుని వస్తాయి.

మోకాలు నొప్పి తగ్గితే ఐదొందలన్నాను. తగ్గింది, ఇచ్చాను.
పెద్దాడికి బరంపురంలో సీటొస్తే
గుడికి రెండు ఫ్యాన్లన్నాను.
ఇప్పుడవి తిరుగుతున్నాయి.
ఒక్కో రెక్కమీద ఎర్రరంగుతో నా పేరు,
కరెంటు పోయినప్పుడు మాత్రమే చదవొచ్చు.

చిన్నాడి జ్వరానికి వెయ్యి అన్నాను.
రెండువేలు.
ఆసుపత్రి వరండాలో తెల్లారేసరికి
పదివేల దాకా వెళ్ళాను.
అవతల పాట పాడేవాడు లేడు,
నేనే పాడి నేనే పెంచుకున్నాను.
వాడు పోయాడు.
ఆ పేజీ ఇంకా కొట్టెయ్యలేదు,
బాకీ ఎవరిదో తేలక.

మొన్న కోతల పండుగకి గుడినిండా
గుమ్మడికాయలు, చోళ్ళ కంకులు, కాళ్ళు కట్టిన కోళ్ళు.
వేలంలో ఎలీషా మాస్టారు ఒక్క గుడ్డు ఎత్తి చూపిస్తే
నలభై రూపాయల దాకా లాగాను,
అందరూ నావైపు తిరిగేదాకా.

సాయంత్రం కొట్టుకి రాయితా సుసానమ్మ వచ్చింది,
కొండమీది సవర పల్లె నుంచి, నెత్తిన కందుల సంచితో.
ఒకప్పుడు ఏటా నాకే చింతపండు అమ్మేది.
"ఎంత?" అన్నాను.
"ఏటి ఎంత?
ఈ ఏడు దండిగా పండినాయి, తిను."

నా చేతులు నన్నడక్కుండానే
సంచిని కాటామీద పెట్టేశాయి.
గోడమీద గుడి క్యాలెండరు.
ఆయన నుదుటి ముళ్ళూ, నా కాటా ముల్లూ
సరిగ్గా ఒకే ఎత్తులో ఉన్నాయని
ఇన్నేళ్ళలో అప్పుడే చూశాను.

ఎందుకు చెప్పానో తెలీదు, చెప్పేశాను.
ఆ రోజుల్లో రాళ్ళ పళ్ళెం కింద
అయస్కాంతం అంటించేవాణ్ణని,
నీ పది కిలోల్లో ఒకటి
ఊరికే నాదయ్యేదని.
పదో భాగం లెక్క
నాకు ఏ పాస్టరుగారూ నేర్పక్కర్లేకపోయింది.

"నాకు ఎరికే బాబూ" అంది.

ఎరికుండీ
పక్క కొట్టు ఉండగా నా దగ్గరికే ఎందుకొచ్చేదానివి?

కొంగుతో మెడ తుడుచుకుంది.
"అప్పుడు నీ పిల్లలు సిన్నోలు గదా" అంది.
కొంచెం ఆగి,
"ఇద్దరూనూ."

కందులు కుమ్మరించి సంచి మాత్రం తిరిగిచ్చెయ్యమంది.
అది ఇంటికి పనికొస్తుందట.
నేను గల్లాలో నోటు వెతికి బయటికొచ్చేసరికి
కొండ జీపు వంశధార వంతెన ఎక్కేసింది.

పుస్తకం తెరిచి "కందులు" అని రాశాను.
ఎడమనా కుడినా?
కలం రెండు గళ్ళ మధ్య గీతమీద ఆగి
చుక్కంత సిరా వదిలింది.

రాత్రి మా ఆవిడ గుగ్గిళ్ళు ఉడకబెట్టి
ఉప్పు చల్లి తెచ్చింది.
"బావున్నాయి. ఎంతకిచ్చారు?" అంది.
నోట్లో గుప్పెడు గింజలున్నాయి.
నములుతూనే ఉన్నాను.