ఉతికిన నోటు

పూర్ణా మార్కెట్ వెనక సందులో
నాది మూడడుగుల బల్ల.
"పాత నోట్లు కొనబడును" అని రాయించిన అట్ట
ఉప్పుగాలికి పెచ్చులూడి
ఇప్పుడు "పాత నో కొనబడు" దగ్గర ఆగింది.
అర్థమయ్యేవాళ్ళకి అవుతూనే ఉంది.

పొద్దున ఒకాయన వచ్చాడు,
షిప్‌యార్డులో ఫిట్టరు చేసి దిగినాయన.
తాతగారి ట్రంకులో దొరికిందట,
సున్నాలు ఒక్కొక్కటే వేలితో తాకి చూపించాడు.
జర్మనీది. పంతొమ్మిది వందల ఇరవై మూడు.
యాభై కోట్ల మార్కులు.
వెనక తిప్పితే తెల్లకాగితం.
రెండోవైపు అచ్చెయ్యడానికి కూడా
తీరిక లేకపోయిన డబ్బు.
"ఎంతొస్తుంది?"
"మూడొందలు."
ఆయన యాభై కోట్లూ
నా బల్ల మీదే కన్నుమూశాయి.
రోజూ నా పని ఇదే,
చావు కబురు చల్లగా చెప్పడం.

వాన పడబోతుండగా ఎర్నమ్మ వచ్చింది.
సోల్జర్‌పేట దిగువలో వాళ్ళకి లాండ్రీ ఉండేది,
ఓడలవాళ్ళ బట్టలు మూటలు మూటలుగా దిగేవి.
మూత తుప్పుపట్టిన బిస్కెట్ల డబ్బాలోంచి
పది మార్కుల నోటు తీసింది.
ఒకవైపు పొడుగు జుట్టు కుర్రాడు,
రెండోవైపు తెరచాపలన్నీ ఎత్తిన ఓడ.

"ఇది బతికున్నాదా, సచ్చిపోనాదా బావూ?"

చొక్కా జేబులో ఉండిపోయిందట.
గంజిలో ముంచాక గానీ చూసుకోలేదట.
నీడలో ఆరబెట్టి, పైన తడిగుడ్డ పరిచి
ఇస్త్రీ చేసి పట్టుకెళ్ళేసరికి
ఓడ డాల్ఫిన్స్ నోస్ దాటిపోయిందట.
"ఆడి పేరు నాకు తెల్దు. గుర్తు తెలుసు.
నల్లజీడి పిక్కతో నానే ఏసినాను కాలరు లోపల,
రెండు సుక్కలు, ఒక గీత."

భూతద్దం కింద పెట్టాను.
మడత లేదు, మరక లేదు,
కాగితంలో బిగువు లేదు.
మా వ్యాపారంలో ఉతికిన నోటుకి సగం ధర.
ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగింది.
ఉతకడం తప్పని
ఈమెతో నేనెలా అనను?

"బతికే ఉంది" అన్నాను.
"ఆ డబ్బు ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది.
అయినా వాళ్ళ పెద్ద బ్యాంకు
ఎప్పుడు తీసుకెళ్ళినా పుచ్చుకుంటుంది, గడువు లేదు.
అయిదు యూరోలు, పైన పదకొండు సెంట్లు.
మన లెక్కలో అయిదొందలు చిల్లర."

ఆమె తల ఊపి, డబ్బా అడుగున తడిమి
ఇంకో మూడు తీసింది.
"మరి ఇయ్యో?"

మనవే. వెయ్యి రూపాయలవి.
మొగుడికి తెలీకుండా బియ్యం డ్రమ్ములో దాచి
విషజ్వరంతో మంచానపడి లేచేసరికి
గడువు దాటిపోయినవి.
వీటికి భూతద్దం అక్కర్లేదు.
అప్పట్లో నేనూ జగదాంబ దగ్గర క్యూలో
చెప్పులు వరసలో పెట్టి, పక్కన కూలబడినవాణ్ణే.
ఊరికే చూస్తూ ఉండిపోయాను.
ఆమెకే అర్థమైంది. పళ్ళు లేని నోటితో నవ్వింది.
"ఈటి మీద ఓడ నేదు గదా బావూ,
గడువు దాటడానికి."

"ఆ జర్మనీది నాకివ్వమ్మా, ఆరొందలిస్తాను."
నిజంగానే ఇచ్చేవాణ్ణి.
నా బల్ల మీద నష్టానికి కొన్న మొదటి నోటు అయ్యేది.

"అమ్మడానికి తేనేదు.
నానెంత బాకీ ఉన్నానో తెలుసుకుందారని వచ్చినాను."

ప్లాస్టిక్ కవరొకటి అడిగి తీసుకుంది.
నా పెన్ను లాక్కుని, కవరు మూల
రెండు చుక్కలు పెట్టింది, ఒక గీత గీసింది.
చెయ్యి వణికింది గానీ
గీత వంకర పోలేదు.

"కవరెంత?"
"వద్దులేమ్మా."
వినలేదు. కొంగుముడి విప్పి
రెండు రూపాయి బిళ్ళలు బల్ల మీద పెట్టి
చినుకుల్లో పడి వెళ్ళిపోయింది.

ఆ రోజు నా బల్ల మీదికి వచ్చిన డబ్బులో
చెల్లేవి ఆ రెండే.