పద్నాలుగు బి

పద్నాలుగు ఏ వరకూ బాగానే వచ్చాం.
నాన్న పేరు, పదో తరగతి మార్కులు,
ఎడమ చెవి కింద పుట్టుమచ్చ.
నర్సాపురం నెట్ సెంటర్లో ప్రసన్నబాబు కీబోర్డు
గంటకి ముప్పై రూపాయలకి టకటకలాడుతోంది.
అప్పుడొచ్చింది పద్నాలుగు బి:

"అభ్యర్థిపై ఏ న్యాయస్థానమందైనను
ఎట్టి నేరారోపణయు రుజువు కాలేదనుట
వాస్తవము కానిచో తప్ప
'కాదు' అని గుర్తించరాదు."

అవును. కాదు.
రెండు గుండ్రాలు, రెండూ ఖాళీ.

ప్రసన్నబాబు చదివాడు. మళ్ళీ చదివాడు.
రొయ్య ఒలిచినట్టు ఒక్కో 'కాదు'నీ గోటితో లాగి చూశాడు.
"తల తీస్తే తోక మిగుల్తోందక్కా,
తోక కూడా తీస్తే ఏమీ మిగలట్లేదు."

పక్కనే ఇంగ్లీషులోనూ ఉంది.
ఒకే నిజానికి అక్కడొక గుండ్రం, ఇక్కడింకో గుండ్రం.
"అన్నం తినలేదా?" అని మా అమ్మ అడిగితే
"అవును, తినలేదు" అంటాను నేను.
ఆ భాషలో 'అవును' దగ్గరే
కంచం తీసేస్తారట.

సంగతేంటంటేనండి,
ఏడేళ్ళ కిందట మా చేల చుట్టూ రొయ్యల చెరువులు తవ్వారు.
బోరునీళ్ళు ఉప్పెక్కాయి.
కుండలో పప్పు ఉడకడం మానేసింది.
ఇరవై ఆరుగురం ఆడాళ్ళం బిందెలు పట్టుకుపోయి
తారురోడ్డు మీద కూర్చున్నాం, తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా.
ఆగినవి రెండు బస్సులు, ఒక పాలవ్యాను, ఒక పెళ్ళివారి కారు.
పెళ్ళికొడుకు దిగి మాకు బూందీ పంచాడు.
కేసు కట్టారు.
కాగితంలో నేను ఏ-పంతొమ్మిది.
కొపనాతి నాగభవానిని
నాగభూషణం అని రాశారు.

రాజోలు కోర్టులో నాలుగేళ్ళ వాయిదాలు.
ఆఖరి రోజు ప్లీడరు గారు చెవిలో చెప్పారు:
"ఒప్పేసుకోండమ్మా, తలా రెండొందలు,
నాలుగింటి బస్సు అందుతుంది."
జడ్జి గారు పైనుంచి ఏదో అడిగారు.
ఫ్యాను చప్పుడు.
నేను "ఆయ్" అన్నాను.

ఆయ్ అంటే ఒప్పుకోలు కాదండి మా దగ్గర.
ఆయ్ అంటే వింటన్నానని. చెప్పండని. అలాగా అని.
మీరు పెద్దోరు, నేనిక్కడే ఉన్నానని.
ప్రెసిడెంటు తిడుతున్నా ఆయ్ అంటాం.
చేప బేరం తెగకపోయినా ఆయ్ అనే లేస్తాం.
పోయినోళ్ళ కబురు ఫోన్లో వింటూ
ఆయ్, ఆయ్ అంటూనే ఏడుస్తాం.

గుమాస్తా దాన్ని
"నేరము అంగీకరించినది" అని దించాడు.

రసీదుంది. రేషన్ కార్డు కవర్లో అమ్మ దాచింది.
అది జరిమానానా, శిక్షా, నీళ్ళ పన్నా?
ప్లీడరుకి ఫోన్ చేస్తే
"చిన్న కేసమ్మా, రాయక్కర్లేదు.
రాయకపోతే మాత్రం దాచావంటారు" అన్నాడు.
కానిస్టేబులు పరీక్ష రెండుసార్లు రాసిన ఏసురత్నం
"రాశావా, ఇప్పుడే పోద్ది.
రాయలేదా, చేరాక పోద్ది" అన్నాడు.
ఉద్యోగం నీళ్ళ ల్యాబులో. సీసాల్లో ఉప్పు కొలవడం.
నెలకి పదమూడు వేలు.

కింద చిన్న పెట్టె ఒకటి చూపించాడు ప్రసన్నబాబు.
వివరణ, నూరు అక్షరములు మించరాదు.
నేను చెప్పాను, వాడు కొట్టాడు:
మంచినీళ్ళు అడిగాం. రోడ్డు మీద అడిగాం.
ఆయ్ అన్నాను. రెండొందలు కట్టాను.
"ఇంకా చోటుందక్కా."
నాగభూషణం కూడా నేనే అని పెట్టమన్నాను.

గుండ్రాల్లో ఏది నొక్కామో
నోటితో అడిగినవాళ్ళకి చెప్తాను.

రేవుకొచ్చేసరికి పంటు తాడు విప్పుతున్నారు.
సైకిలు నెట్టుకుంటూ వెనకనుంచి ఒకాయన అరిచాడు:
"ఏమ్మా, ఇంకా ఎల్లిపోలేదు కదా?"

"ఆయ్!" అన్నాను.

ఆయన పరుగు పెంచాడు.