ముప్పై మీటర్ల టేపు

పొద్దుగాల నాలుగున్నరకు సజా క్యాంపుల బస్సెక్కేటప్పుడు
ఉక్కు టేపు సల్లగ
పాముపిల్లలెక్క చుట్టుకొని పండుంటది.
పన్నెండు గొట్టేసరికి దాన్ని ముట్టలేం.
ముప్పై మీటర్ల మీద సెంటీమీటరు దాకా సాగుతదంట.
సర్వే సారు బిజుమోన్ క్యాలుక్లేటరు మీద దిద్ది చూపెట్టిండు,
"తప్పు లెక్కల లేదు భాయ్, ఉక్కుల ఉన్నది" అన్నడు హిందీల.

నేను ప్రిజం కర్ర పట్టేటోణ్ణి.
కర్ర నిటారుగ ఉండాలె, బుడగ నడిమిట్ల ఉండాలె.
నేనెట్లున్నా నడుస్తది.

పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండ సెలవు.
ప్లైవుడ్ నీడల ఒరిగి
పక్కనున్న గంగనర్సును అడిగిన:
"మామా, అసలైన ముప్పై మీటర్లు యాడుంటది?"
టేపుల లేదు, సాగుతది ముడుసుకుంటది.
ఇసుకల లేదు, షార్జా ఇసుక రాత్రికి రాత్రి జరుగుతది.
కాయితంల ఉన్నదంటే
కాయితం సముద్రపు ఉబ్బకు వంకర తిరుగుతది.

గంగనర్సు మేస్త్రి. జీతం కాడ వేలిముద్ర ఏస్తడు.
ఏం మాట్లాడలే. జేబులకెళ్లి దారం తీసిండు.
మూడు మూరలిటు, నాలుగు మూరలటు,
ఏటవాలుగ అయిదు గుంజి మేకులు కొట్టిండు.
మూలకు మూలమట్టం ఆనిచ్చిండు.

అతికిందనుకున్న. ఒంగి చూసిన.
వెంట్రుకంత వెలుగు దూరుతున్నది.

"గంత సందు ఎప్పుడుంటది బిడ్డా.
నలభై ఏండ్లాయె, మూసుడు నాతోని కాలే.
సందులేని మూల నేను జూడలే.
జూడలే గని, దాని దిక్కు జూస్కుంటనే గోడ లేపుత."

అప్పుడు ఎదురుంగ టవరు కొత్తగ కనవడ్డది.
ఎవలూ సూడని మూల మీద
ముప్పయ్యొక్క అంతస్తులు.
మూడు మూళ్ల తొమ్మిది, నాలుగు నాలుగుల పదహారు కలిస్తే
అయిదయిదుల ఇరవయ్యయిదని
సిమెంటుకు ఎవలు నేర్పిండ్రు?
ఎక్కాలు రాని కంకర
గా మాట ఎట్ల వింటున్నది?

ఒక్క లెక్క మటుకు సందు లేకుంట అతుకుతది.
మెట్‌పల్లిల లక్షన్నర, నూటికి రెండు.
టేపు ఎండకే సాగుతది.
మిత్తి నీడల గూడ పెరుగుతది.
బిజుమోన్ సారు క్యాలుక్లేటరుల
దానికి దిద్దుబాటు లేదు.

మూడు గొట్టిండ్రు. లేసి కర్ర పట్టిన.
బుడగ ఇటు బోయి, అటు బోయి,
నడిమికొచ్చి నిలవకుంట మళ్ల జారింది.
దూరంకెళ్లి సారు చెయ్యి లేపిండు.
చెమట కంట్ల వడ్డా తుడుసుకోలే,
ఊపిరి బిగవట్టిన.

మూడు దశాంశాల దాకా రాసుకున్నడు.

అప్పుడిడిసిన ఊపిరి.
కర్ర కదిలింది.